తూటా లావు మీద నమ్మకాలు

గౌరీ లంకేశ్ హత్య తర్వాత, అంటే 2017 సెప్టెంబర్‌లో, మా సంఘంలో ఒక చర్చ వచ్చింది. బెదిరింపు ఫోన్లు వస్తున్న మిత్రుడొకాయన ఆత్మరక్షణకి పిస్టల్ లైసెన్స్ పెట్టుకుంటానన్నాడు. హేతువాది తుపాకీ పట్టుకోవచ్చా అన్న ప్రశ్న మీద ఓ పది నిమిషాలు వాదించుకున్నాం. ఆ తర్వాత గంటన్నర సేపు నడిచింది మాత్రం వేరే వాదన: ఏ బోర్ కొనాలి? (మన దేశంలో కాలిబర్ అని ఎవరూ అనరు, షాపులో కూడా "ఏ బోర్ సార్?" అనే అడుగుతారు.) ".32 దోమ కుట్టినట్టుంటుంది, మనిషి ఆగడు" అన్నాడొకాయన. ".45 అయితే ఎక్కడ తగిలినా వెల్లకిలా పడాల్సిందే" అన్నాడు ఇంకొకాయన. తాయెత్తు కట్టుకొస్తే రుజువేదని నిలదీసే మనుషులు వీళ్ళు! ఆ రోజు రుజువు అడిగినవాడు లేడు.

ఉద్యోగరీత్యా నేను కోల్‌కతాలో చాలా ఏళ్ళు ఉన్నాను. ఈ నమ్మకం పుట్టిల్లు ఆ ఊరి శివారులోనే ఉంది. అందుకని దాని చరిత్ర కాస్త చెప్పుకుందాం. మనలో ఎవరైనా ఎప్పుడైనా చిన్న పిస్టల్ కొనే ఆలోచన చేస్తే, ఏది తెలిసి ఎంచుకుంటున్నామో, ఏది నమ్మి ఎంచుకుంటున్నామో తేల్చుకోడానికి పనికొస్తుంది.

ఇవాళ డమ్‌డమ్ అంటే విమానాశ్రయం, మెట్రో స్టేషన్. ఒకప్పుడు అది బెంగాల్ ఫిరంగి దళం కంటోన్మెంటు, ఆ తర్వాత తూటాల ఫ్యాక్టరీ. 1857 జనవరిలో ఎన్‌ఫీల్డ్ తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట మొదట గుప్పుమన్నది కూడా అక్కడే. ఒక ఖలాసీ ఒక బ్రాహ్మణ సిపాయికి చెప్పిన మాట అది. తూటా గురించిన నమ్మకం తూటా కంటే ఎక్కువమందిని చంపగలదని ఆ ఊరికి అప్పుడే తెలిసింది. మనం చెప్పుకోబోయేది దానికి నలభై ఏళ్ళ తర్వాతి కథ.

1880ల దాకా బ్రిటిష్ సైనికుడి చేతిలో ఉన్నది .45 అంగుళాల లావు సీసం గుండు పేల్చే మార్టినీ-హెన్రీ. తర్వాత వచ్చిన లీ-మెట్‌ఫర్డ్ బోరు .303. సన్నని గుండు, పైన గట్టి లోహపు తొడుగు, వేగం ఎక్కువ. 1895లో చిత్రాల్ దండయాత్రకి వెళ్ళిన సైన్యం నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. గుండు ఒంట్లోంచి దూసుకుపోతోంది కానీ శత్రువు ఆగడం లేదు, రెండు మూడు తగిలినా మీదికి వస్తున్నాడు అని. డమ్‌డమ్ ఫ్యాక్టరీ సూపరింటెండెంట్ కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే దీనికి ఒక ఉపాయం చేశాడు. గుండు ముక్కు దగ్గర తొడుగు కొద్దిగా తీసేసి లోపలి సీసం బయటికి కనిపించేలా వదిలేశాడు. ఒంట్లోకి పోగానే ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, గాయం పెద్దదవుతుంది. ప్రపంచ భాషలన్నిట్లోకీ ఎక్కిన "డమ్‌డమ్ బుల్లెట్" అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఫిర్యాదులు అబద్ధమని నేననడం లేదు. తొడుగున్న గుండు సన్నని గాయం చేసి బయటికి పోతుందన్నది నిజమే. నా ప్రశ్న లెక్క గురించి. తూటా తగిలినా పరిగెత్తుకొచ్చినవాడిని సైనికుడు జన్మలో మరిచిపోడు. తగలగానే కూలినవాడు వందమందిలో ఒకడు, వాణ్ణి ఎవరూ కథగా చెప్పరు. మొక్కు తీరిన భక్తుడు గుడికి తిరిగొచ్చి చెప్తాడు, తీరనివాడు ఇంట్లో కూర్చుంటాడు. ఈ లెక్క మనకి తెలియనిదా? పైగా "తగిలింది" అని సైనికుడు అనుకున్న తూటాల్లో నిజంగా తగిలినవెన్నో ఎవరు చూశారు?

అవతలి పక్షం కూడా తక్కువ తినలేదు. బాగా రుజువు చూపే దేశమని పేరున్న జర్మనీలో ట్యూబింగెన్ ప్రొఫెసర్ బ్రూన్స్ ప్రయోగాలు చేసి ఈ గుళ్ళు ఘోరమైన గాయాలు చేస్తాయని 1898లో ప్రకటించాడు. యూరప్ అంతా హాహాకారాలు. తీరా చూస్తే ఆయన పేల్చినవి డమ్‌డమ్‌లో చేసినవి కావు. ముక్కు దగ్గర సీసం చాలా ఎక్కువ బయటపడి ఉండే వేట తూటాలు. ఒక వస్తువుని పరీక్షించి ఇంకో వస్తువు మీద తీర్పు చెప్పాడన్నమాట. 1899 హేగ్ సమావేశంలో విచ్చుకునే గుళ్ళని నిషేధించారు, బ్రిటన్, అమెరికా వ్యతిరేకించాయి. అక్కడ బ్రిటన్ తరఫు సైనికాధికారి సర్ జాన్ అర్డా చేసిన వాదన సారాంశం ఇది: నాగరికుడు గాయపడితే తనకి దెబ్బ తగిలిందని గుర్తించి ఆగిపోతాడు, అనాగరికుడు ఎన్ని తగిలినా ఆగడు, అందుకే వాడికి వేరే తూటా కావాలి. అంటే చర్మం రంగుని బట్టి శరీరధర్మం మారుతుందట! ఈ రోజు "స్టాపింగ్ పవర్" అని పిస్టల్ షాపుల్లో వినిపించే మాట వెనక ఈ జాతి గర్వం కొంత ఉందని గుర్తుపెట్టుకోండి.

సరిగ్గా అవే సంవత్సరాల్లో, అదే బెంగాల్ ప్రెసిడెన్సీలో, రాంచీ అడవుల్లో బిర్సా ముండా అనుచరులు ఇంకో నమ్మకంతో ఉన్నారు. తెల్లవాళ్ళ తూటాలు నీళ్ళైపోతాయని. 1900 జనవరి 9న సైల్ రకబ్ కొండ మీద అవి నీళ్ళవలేదు. ఐదేళ్ళ తర్వాత తూర్పు ఆఫ్రికాలో మాజీ-మాజీ తిరుగుబాటులోనూ ఇదే నమ్మకం, ఇదే ఫలితం. మన మన్యంలో అల్లూరి సీతారామరాజుకి తూటా తగలదన్న నమ్మకం ఉండేది, 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. పాలితుడు తూటా పనిచేయదని నమ్మాడు. పాలకుడు కూడా, వింతగా, తన తూటా పనిచేయడం లేదని నమ్మాడు. మొదటిదాన్ని మనం మూఢనమ్మకం అంటాం. రెండోదాన్ని "అనుభవం" అని సైనిక పుస్తకాల్లో రాసుకున్నారు.

పిస్టళ్ళ సంగతికొద్దాం. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధుల్ని .38 రివాల్వర్ ఆపడం లేదని అమెరికన్ సైన్యానికీ ఇదే గోల. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు షికాగో కబేళాలో పరీక్షలు చేశారు. కొద్దిపాటి పశువులు, కొన్ని శవాలు, రకరకాల బోర్లు. ఫలితాలు గజిబిజి. పెద్ద తూటాలు తిన్నా పడిపోని పశువులున్నాయి, కొన్నిటిని చివరికి సుత్తితో కొట్టి చంపారు. అయినా రిపోర్టు తేల్చింది .45 కంటే తక్కువ పనికిరాదని. ఆ తర్వాత వందేళ్ళు ప్రపంచంలో ప్రతి తుపాకీ పత్రికా ఆ రిపోర్టుని వేదంలా వల్లించింది.

తూటా తగిలితే మనిషి ఎగిరి వెనక్కి పడతాడనే సినిమా నమ్మకాన్ని ఇంటర్ ఫిజిక్స్‌తో తేల్చొచ్చు. బ్రిటిష్ ఆఫీసర్ల .455 వెబ్లీ గుండు బరువు సుమారు 17 గ్రాములు, వేగం సెకనుకి దాదాపు 190 మీటర్లు. ద్రవ్యవేగం సెకనుకి 3.3 కిలోగ్రామ్-మీటర్లు. 70 కిలోల మనిషిలో ఆ గుండు మొత్తం ఆగిపోయిందనుకుందాం. అతనికి వచ్చే వేగం సెకనుకి 5 సెంటీమీటర్ల లోపే. బస్సులో వెనకవాడు తోసినా అంతకంటే ఎక్కువ కదుల్తాం. అదీగాక, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం, తగిలినవాణ్ణి పడగొట్టే తూటా పేల్చినవాణ్ణి కూడా పడగొట్టాలి కదా!

ఇంకా నమ్మకం కలగకపోతే కోల్‌కతా వీధుల్లోకి రండి. ఆ ఊరికి పిస్టల్ చరిత్ర కొదవలేదు.

1914 ఆగస్టు 26. రోడ్డా కంపెనీ అనే తుపాకుల దుకాణానికి విదేశం నుంచి 202 పెట్టెలు వచ్చాయి. కస్టమ్స్ హౌస్ నుంచి వాటిని విడిపించుకురావాల్సిన ఉద్యోగి శిరీష్ చంద్ర మిత్ర. 192 పెట్టెలు గోదాముకి చేరాయి. మిగిలిన పది పెట్టెలు ఎడ్లబండి మీద విప్లవకారుల చేతుల్లోకి పోయాయి. వాటిల్లో 50 మౌజర్ పిస్టళ్ళు, 46,000 తూటాలు. 1918లో రౌలట్ కమిటీ లెక్క ప్రకారం వాటిలో 44 పిస్టళ్ళు దాదాపు వెంటనే తొమ్మిది బృందాలకి పంపిణీ అయ్యాయి, ఆ తర్వాత 54 దోపిడీ, హత్యా ఘటనల్లో వాడారు.

మౌజర్ 7.63 మి.మీ. బోరు. గుండు చిన్నది, అయిదున్నర గ్రాములు. కానీ వేగం సెకనుకి 430 మీటర్ల దాకా. శక్తి లెక్కేస్తే లావుపాటి వెబ్లీ కంటే చాలా ఎక్కువ. ఇక దాచుకోవడం అంటారా, కిలో పైన బరువు, అడుగు పొడవు, దాని చెక్క పెట్టెనే మడమకి తగిలించి రైఫిల్లా భుజానికి ఆనించి పేల్చొచ్చు. పంచెలో దాచుకునే వస్తువు కాదు. విప్లవకారులు బోర్లు పోల్చి దీన్ని ఎంచుకున్నారా? లేదు. పెట్టెల్లో అది వచ్చింది. దాంతోపాటు 46,000 తూటాలు వచ్చాయి, అదీ అసలు సంగతి. తూటా దొరకని పిస్టల్ ఇనపముక్క. 1915 సెప్టెంబర్ 9న ఒరిస్సాలో బాలాసోర్ దగ్గర బాఘా జతీన్, మరో నలుగురు ఈ మౌజర్లతోనే పోలీసు బలగాన్ని గంటకి పైగా నిలవరించారు. జతీన్ మర్నాడు ఆసుపత్రిలో చనిపోయాడు.

1924 జనవరి 12న చౌరంగీలో గోపీనాథ్ సాహా అనే కుర్రాడు పోలీస్ కమిషనర్ చార్లెస్ టెగార్ట్ అనుకుని ఎర్నెస్ట్ డే అనే మామూలు వ్యాపార ఉద్యోగిని కాల్చి చంపాడు. తుపాకీ చక్కగా పనిచేసింది. చచ్చినవాడే వేరు. ఆ తప్పుకి ఏ బోరూ మందు కాదు. మార్చి 1న గోపీనాథ్‌ని ఉరి తీశారు.

1932 ఫిబ్రవరి 6న కలకత్తా యూనివర్సిటీ స్నాతకోత్సవంలో బీనా దాస్ గవర్నర్ స్టాన్లీ జాక్సన్ మీద దగ్గరి నుంచి ఐదుసార్లు పేల్చింది. ఒక్కటీ తగల్లేదు. జాక్సన్ మాజీ క్రికెటర్, బంతిని తప్పించుకున్నట్టు వంగాడని అప్పట్లో చెప్పుకున్నారు. బీనా దాస్ ధైర్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నిండు హాలులో, చేయి వణికే క్షణంలో, అలవాటు లేని ఆయుధంతో మామూలు మనిషికి ఏం జరుగుతుందో చెప్తున్నాను. అది .22 అయినా .455 అయినా గోడకే తగిలేది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రైటర్స్ బిల్డింగ్ ఘటన. 1930 డిసెంబర్ 8న బినయ్, బాదల్, దినేశ్ ముగ్గురూ లోపలికి వెళ్ళి జైళ్ళ ఐ.జి. సింప్సన్‌ని కాల్చి చంపారు. పోలీసులు చుట్టుముట్టాక బాదల్ సైనైడ్ మింగి అక్కడే చనిపోయాడు. బినయ్, దినేశ్ తమ రివాల్వర్లతో తామే కాల్చుకున్నారు. గురి తప్పే ప్రశ్నే లేదు, దూరం లేదు, చావాలనే నిశ్చయానికి లోటు లేదు. బినయ్ డిసెంబర్ 13 దాకా బతికాడు. దినేశ్ కోలుకున్నాడు! ప్రభుత్వం అతనికి వైద్యం చేయించి, విచారణ జరిపి, 1931 జూలై 7న ఉరి తీసింది. ఒకే భవనంలో ఒకే రకం ఆయుధాలు ముగ్గురు నలుగురి మీద ఇన్ని రకాలుగా పనిచేస్తే, "ఒక్క తూటాకి పడిపోతాడు" అని హామీ ఇచ్చేవాణ్ణి జ్యోతిష్కుల వరసలో కూర్చోబెట్టొచ్చు. డల్‌హౌసీ స్క్వేర్ ఇప్పుడు ఆ ముగ్గురి పేరుతో బి.బి.డి. బాగ్ అయింది.

అయితే బోరుతో ఏ తేడా ఉండదా? ఇక్కడే మనం అవతలి కొసకి పోకూడదు. అమెరికాలో గ్రెగ్ ఎలిఫ్రిట్జ్ అనే పోలీసు శిక్షకుడు పదేళ్ళు కూడబెట్టిన, దాదాపు 1,800 మంది మీద జరిగిన కాల్పుల వివరాలని 2011లో ప్రకటించాడు. .380, .38, 9 మి.మీ., .45, వీటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. .22, .25, .32 మాత్రం వెనకబడ్డాయి. ఎన్ని తగిలినా ఆగనివాళ్ళ శాతం వాటిలో ఎక్కువ. ఇది ఆయన చేతికందిన కేసుల లెక్క, శాస్త్రీయంగా ఎంపిక చేసిన నమూనా కాదు. పైగా తుపాకీ చప్పుడుకే పారిపోయినవాడూ "ఆగినవాడి" కిందికే వస్తాడు. కానీ షికాగో కబేళా కంటే నయం. ఎఫ్.బి.ఐ. వాళ్ళు 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లని పోగొట్టుకుని, ఒక 9 మి.మీ. తూటా హంతకుడి గుండెకి కాస్త ముందే ఆగిపోయిందని, 10 మి.మీ.కి, తర్వాత .40కి మారారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు తిరిగి మళ్ళీ 9 మి.మీ.కే వచ్చారు. వాళ్ళ కారణం సాదాసీదాది: చిన్న కుదుపుంటే మనిషి త్వరగా, సరిగ్గా, ఎక్కువసార్లు కాల్చగలడు.

ఇంకో అధ్యయనం ఉంది, ఇది గంభీరమైనది. ఆంథొనీ బ్రాగా, ఫిలిప్ కుక్ అనే పరిశోధకులు 2010-14 మధ్య బోస్టన్‌లో జరిగిన కాల్పుల కేసుల్ని పరిశీలించి 2018లో ప్రచురించారు. చిన్న బోరుతో పోలిస్తే మధ్య బోరు దెబ్బకి మరణావకాశం రెండింతలకి పైగా, పెద్ద బోరుకి నాలుగింతలకి పైగా. అంటే బోరుకి ప్రభావం ఉంది. కాకపోతే వాళ్ళు కొలిచింది మనిషి చివరికి చనిపోయాడా లేదా అని. కాల్చిన మూడు సెకన్లలో ఆగాడా లేదా అన్నది వేరే ప్రశ్న. బినయ్ ఐదు రోజులకి చనిపోయాడు కదా. ఆత్మరక్షణ అనేవాడికి కావాల్సింది రెండోది, పెద్ద బోరు ఖాయంగా ఇచ్చేది మొదటిది. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడటమే ఈ వాదనలన్నిట్లోని గందరగోళం.

మన దేశంలో మామూలు పౌరుడికి ఈ తలనొప్పి పెద్దగా లేదనుకోండి, చట్టం ముందే తేల్చేసింది. బ్రిటిష్ వాళ్ళు 1907లో .450 బోరు వేట తూటాల్ని ఇండియాకి రానివ్వకుండా ఆపేశారు. తిరుగుబాటుదారుల చేతిలో పాత మార్టినీ-హెన్రీలున్నాయి, ఆ గుళ్ళు వాటికి పనికొస్తాయన్న భయం. లండన్ తుపాకీ కంపెనీలు ఏం చేశాయి? .465 అనీ, .470 అనీ కొత్త బోర్లు పుట్టించి మన రాజాల వేట సరదా చల్లారకుండా చూశాయి. ఒక బోరు పుట్టడానికి కారణం జంతువు కాదు, భౌతికశాస్త్రం కాదు, ఒక సర్కారు ఉత్తర్వు! స్వాతంత్ర్యం వచ్చాక చేసిన ఆయుధ నిబంధనల్లో కూడా అదే తర్కం నిలిచింది. సైన్యం, పోలీసు వాడే .38, .455, 9 మి.మీ. సర్వీస్ తూటాలు పేల్చగల పిస్టళ్ళు నిషిద్ధ బోరు. అందుకే ఇక్కడ ఫ్యాక్టరీలో తయారై పౌరుడికి అమ్మే చేతి తుపాకీ ప్రధానంగా .32. కోల్‌కతా పక్కన ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు మీద వచ్చిన "అశని" పిస్టల్ .32. 2014లో ఢిల్లీ అత్యాచార బాధితురాలి స్మృతిలో పేరు పెట్టి, ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులో ఇమిడేలా కాన్పూర్‌లో చేసిన అరకిలో "నిర్భీక్" రివాల్వర్ కూడా .32. దాని ధర అప్పుడు 1,22,360 రూపాయలు! ఎవరి రక్షణ కోసమో ఆ ధరే చెప్తుంది. (కొనేవాళ్ళకి ఒక మాట: రివాల్వర్ .32 తూటా, పిస్టల్ .32 తూటా ఒకటి కావు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఒకదానికి తెచ్చింది ఇంకోదాంట్లో వాడకూడదు.)

కాబట్టి మా మిత్రుడి ముందు నిజానికి ఉన్న ఎంపిక .32 ఆ .45 ఆ అన్నది కాదు. ఆరు తూటాల రివాల్వరా, పిస్టలా అన్నదే. దానికి నా జవాబు చప్పగా ఉంటుంది: ఏది వారంవారం సాధన చేయగలవో అది, సాధన చేయలేకపోతే ఏదీ వద్దు.

మరి ".32 దోమకాటు" అన్నాయన మాట? పిస్టల్ .32కే మెట్రిక్ పేరు 7.65 మి.మీ. ధార్వాడ్‌లో 2015 ఆగస్టు 30న ఎం.ఎం. కల్బుర్గిని ఇంటి గుమ్మంలో కాల్చింది 7.65 మి.మీ. నాటు పిస్టల్‌తో. బెంగళూరులో 2017 సెప్టెంబర్ 5న గౌరీ లంకేశ్‌ని ఇంటి ముందు కాల్చిందీ 7.65 మి.మీ.తోనే. ఆస్ట్రియా యువరాజుని 1914లో, గాంధీని 1948లో చంపిన పిస్టళ్ళ తూటా కూడా తుపాకీ పత్రికలు ఆడవాళ్ళ తూటా అని వెక్కిరించే .380, అంటే పొట్టి 9 మి.మీ. హంతకుడికి బోరు చర్చ అక్కర్లేదు. అతను దగ్గరికొస్తాడు, వేళ తనే ఎంచుకుంటాడు. దభోల్కర్ 2013 ఆగస్టు 20న పూణెలో, పన్సారే 2015 ఫిబ్రవరి 16న కొల్హాపూర్‌లో ఉదయపు నడకలో ఉండగా మోటార్ సైకిళ్ళ మీద వచ్చారు. వాళ్ళ జేబుల్లో ఏ బోరు పిస్టల్ ఉన్నా అది బయటికి తీసే సమయం ఎక్కడుంది? దభోల్కర్ పోలీసు రక్షణనే వద్దన్నాడు. ఆ నిర్ణయంతో నేను ఏకీభవించను. మనవాళ్ళకి బెదిరింపులొస్తే పోలీసు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఫోన్ నంబర్లు దాచాలి, నడక దారి, వేళ మార్చాలి. మౌజర్ కంటే ఇవి బరువు తక్కువ.

తూటాకి సంబంధించి నాకు నమ్మకం కాక రుజువు అనిపించినది ఒకటుంది. అదీ కలకత్తాలోనే వేళ్ళూనుకుంది. విప్లవకారుల కాల్పులు పెరిగాక 1930లో కలకత్తా పోలీసులు ఒక ఆయుధ నిపుణుణ్ణి పెట్టి చిన్న బాలిస్టిక్స్ ప్రయోగశాల మొదలుపెట్టారు. 1952లో దేశంలో మొదటి రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల వచ్చిందీ ఆ నగరంలోనే. పేల్చిన ప్రతి పిస్టలూ తూటా మీద, ఖాళీ గొట్టం మీద తన గీతలు వదులుతుంది. రెండు గొట్టాల్ని పక్కపక్కన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. కల్బుర్గి ఇంటి దగ్గరా, రెండేళ్ళ తర్వాత గౌరీ లంకేశ్ ఇంటి దగ్గరా దొరికిన 7.65 మి.మీ. ఆనవాళ్ళని కర్ణాటక ఫోరెన్సిక్ ల్యాబ్ అలాగే పోల్చి చూసింది. రెండు చోట్లా పేలింది ఒకటే తుపాకీ అని రిపోర్టు ఇచ్చింది.